వాటర్లూలో నెగ్గినవాళ్ళకు చోటు లేదా?

కృష్ణాతీరం
ఆఫీసు పని మీద బ్రస్సెల్స్‌లో ఉన్నాను. సెలవు రోజున వాటర్లూ చూసి వచ్చాను. ‘ఆ ఎన్నిక ఆయనకు వాటర్లూ అయింది’ అని పత్రికల్లో చదివి చదివి, నెపోలియన్ చిత్తుగా ఓడిన చోట గెలిచినవాళ్ళ హడావిడి ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే దుకాణం నిండా నెపోలియనే. టోపీలు, కప్పులు, ఫ్రిజ్‌కు అంటించే బిళ్ళలు, చాక్లెట్ డబ్బాలు, అన్నిటి మీదా కోటులో చెయ్యి దోపుకుని ఆయనే. గెలిచిన బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ బొమ్మ కావాలని అడిగితే కౌంటర్ దగ్గరి అమ్మాయి కింది అరలో చాలాసేపు వెతికి ఒకటి తీసి, దుమ్ము తుడిచి ఇచ్చింది. ఆయనకు తోడొచ్చిన ప్రష్యా (నాటి జర్మన్ రాజ్యం) సేనాని బ్లూషర్ సంగతి అడగనే లేదు, ఆమెను ఇంకా ఇబ్బంది పెట్టడం ఎందుకని. ఇది ఆయన ఓడిన చోటా, పుట్టినరోజు పందిరా? పైగా సింహం దిబ్బ 226 మెట్లెక్కితే పైన కనిపించేది బంగాళాదుంప చేలు.

మిరపకాయ
ఓడిపోయినా డిపాజిట్ దక్కించుకున్న అభ్యర్థి అంటే ఈయనే.

తర్కవాది
ఇందులో అంత ఆలోచించేది ఏముంది? దుకాణదారుకు చరిత్రతో పని లేదు. ఏది అమ్ముడుపోతే అది పెడతాడు. ఆ టోపీని చంటిపిల్లలు కూడా గుర్తుపడతారు. వెల్లింగ్టన్ టోపీ ఎలా ఉంటుందో మీలో ఎవరైనా చెప్పగలరా?

బ్రెన్‌లలూ_వాసి
అక్కడికి కూతవేటు దూరంలో ఉంటాను కాబట్టి నాలుగు మాటలు. కృష్ణాతీరం గారు ఎక్కిన సింహం దిబ్బ వాటర్లూలో లేదు, మా బ్రెన్‌లలూ పరిధిలో ఉంది. 1815 జూన్ 18న పోరు జరిగింది వాటర్లూకు దక్షిణాన, మోన్-సాన్-జాన్ మిట్టకూ ప్లాన్స్‌న్వా ఊరికీ మధ్య. వెల్లింగ్టన్ బస మాత్రం వాటర్లూ ఊళ్ళోని సత్రంలో. విజయవార్త లండన్‌కు అక్కడి నుంచే రాశాడు, అందుకని ఆ ఊరికి పేరు దక్కింది. ఆ సత్రం ఇప్పుడు ఆయన పేరు మీద మ్యూజియం. ఆయనను చూడాలంటే అక్కడికి వెళ్ళాలి, దిబ్బ దగ్గర కాదు.

ఇక అసలు విషయం. 1815లో బెల్జియం అనే దేశమే లేదు, అది 1830లో పుట్టింది. ఈ ప్రాంతం 1795 నుంచి 1814 దాకా ఫ్రాన్స్‌లో భాగం. ఇక్కడి కుర్రవాళ్ళు ఏళ్ళ తరబడి నెపోలియన్ సైన్యంలో పనిచేశారు. యుద్ధం నాటికి డచ్చి రాజు చేతికి వచ్చారు కాబట్టి వెల్లింగ్టన్ వైపు నిలబడ్డారు, కొందరు ఫ్రెంచి దళాల్లోనే ఉండిపోయారు. అంటే ఇక్కడివాళ్ళు రెండు వైపులా చచ్చారు. ఇప్పటికీ ఈ పక్కంతా మాట్లాడేది ఫ్రెంచి. మీరు వాళ్ళను ‘గెలిచినవాళ్ళు’ అనుకుని వెళ్ళారు, చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ సింహం కూడా కేవలం విజయ చిహ్నంగా పెట్టింది కాదు. నెదర్లాండ్స్ రాజు తన కొడుకు ఆరెంజ్ యువరాజు భుజానికి గాయమైన చోటని దిబ్బ పోయించాడు. 1826లో పూర్తయింది. యువరాజుకు అప్పుడు 22 ఏళ్ళు.

మిరపకాయ
భుజానికి దెబ్బ తగిలితే నలభై మీటర్ల దిబ్బ, పైన 28 టన్నుల సింహం. మా నాన్న అయితే ‘చూసుకుని నడవడం తెలియదా’ అని ఇంకొకటి వేసేవాడు.

లండన్_లక్ష్మి
దుకాణదారును అంటున్నారు కానీ, వెల్లింగ్టన్ సొంత ఇంట్లో ఏముందో తెలుసా? లండన్‌లో ఆయన నివాసం ఆప్స్‌లీ హౌస్‌కు వెళ్ళండి. మెట్ల మొదట్లో మూడు మీటర్లు దాటిన ఎత్తుతో పాలరాతి నెపోలియన్ నిలబడి ఉంటాడు, ఒంటి మీద దాదాపు నూలుపోగు లేకుండా. ఇటలీ శిల్పి కనోవా చెక్కాడు. నెపోలియన్‌కే ఆ విగ్రహం నచ్చలేదు. యుద్ధం తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం కొంటే, బ్రిటన్ యువరాజు దాన్ని వెల్లింగ్టన్‌కు బహూకరించాడు. నెగ్గినవాడే ఓడినవాడి బొమ్మ ఇంట్లో పెట్టుకుంటే అంగడివాళ్ళను ఏమనగలం?

తర్కవాది
వేటాడిన పులి తల గోడకు తగిలించినట్టు. అది అభిమానం కాదండీ.

లండన్_లక్ష్మి
పులి తల అయినా పులిదే కదా, వేటగాడిది కాదు. వచ్చినవాళ్ళు చూసేది దాన్నే.

ఇంకొకటి. 1994 నుంచి 2007 దాకా పారిస్ రైలు లండన్‌లో ఆగింది వాటర్లూ స్టేషన్‌లోనే. దిగిన ప్రతి ఫ్రెంచివాడికీ ఆ బోర్డే స్వాగతం.

గుంటూరు_గ్రంథం
వ్యాపారం అని తర్కవాది గారు తేల్చేయడం సరికాదు. ఆ గిరాకీ ఎలా వచ్చిందో చూడాలి. సెయింట్ హెలెనా దీవిలో ఐదున్నరేళ్ళు బందీగా ఉండి నెపోలియన్ చేసిన పని తన కథ తానే చెప్పి రాయించుకోవడం. అందులో తప్పు ఆయనది కాదు. తన సేనానుల్లో గ్రూషీ సమయానికి రాలేదు, ‘నే’ అనే ఆయన తొందరపడ్డాడు, వాన కురిసింది. ఆ తర్వాత విక్టర్ హ్యూగో 1861లో ఈ మోన్-సాన్-జాన్ హోటల్లోనే దిగి తన మహా నవల పూర్తి చేశాడు, వాటర్లూ మీద అందులో ఒక భాగమే ఉంది. యుద్ధభూమిలోని ఊగుమోన్ తోట బావిలో మూడు వందల శవాలు పడేశారని ఆయన రాశాడు. తర్వాత తవ్విచూస్తే ఒక్క మనిషి ఎముక దొరకలేదు. అయినా జనానికి గుర్తున్నది బావే.

మనకిది కొత్తా? 1757లో బొబ్బిలి కోట మీద గెలిచింది విజయరామరాజు, ఫ్రెంచి బుస్సీ. బుర్రకథలో మీసం మెలేసేది తాండ్ర పాపారాయుడు.

రైన్_ఒడ్డు
బొబ్బిలి పోలిక నాకు నచ్చలేదు. పాపారాయుడు తనవాళ్ళ కోసం చచ్చాడు. నెపోలియన్ బందీగా ఉన్న ఎల్బా దీవి నుంచి పారిపోయి వచ్చి, మళ్ళీ సింహాసనమెక్కి, పొరుగు దేశం మీదికి వెళ్ళి వేల మందిని చంపించి, తాను మాత్రం గుర్రమెక్కి పారిస్ చేరాడు. ఇద్దరికీ ఒకే హారతి పట్టకండి.

కృష్ణాతీరం గారి రెండో ఫిర్యాదు మాత్రం న్యాయమైనది. బ్లూషర్ లేడు. జర్మనీలో ఉంటున్నందుకు పక్షపాతమనుకోకండి, లెక్క చూడండి. వెల్లింగ్టన్ దగ్గర ఉన్నది సుమారు 68,000 మంది, అందులో బ్రిటిష్ వాళ్ళు మూడో వంతుకు కాస్త ఎక్కువ. మిగతా అంతా హానోవర్, నస్సావ్, బ్రున్స్‌విక్, డచ్, బెల్జియన్లు. సాయంత్రం దాకా నిలబడటం గొప్పే. కాని నాలుగున్నర ప్రాంతంలో ప్రష్యా సేనాని బ్యూలో దళం ప్లాన్స్‌న్వా వైపు దిగబట్టి కదా, నెపోలియన్ లోబావ్ దళాన్నీ, తన సొంత రక్షక సేన గార్డులోని యువ దళాన్నీ అటు పంపాల్సి వచ్చింది? వాళ్ళు మధ్యలో ఉండి ఉంటే వెల్లింగ్టన్ వరుస ఏమయ్యేది?

బ్లూషర్‌కు 72 ఏళ్ళు. రెండు రోజుల ముందు లిన్యీలో ఓడి, చచ్చిన గుర్రం కింద ఇరుక్కుపోతే ఆశ్వికదళం మీదుగా వెళ్ళింది. అలాంటి మనిషి ఒళ్ళంతా మందు పూయించుకుని, వానకు బురదైన దారుల్లో ఫిరంగులు ఈడ్పించుకుంటూ వావ్ర్ ఊరి నుంచి వచ్చాడు. చీకటి పడేవేళకు సుమారు 50,000 మంది ప్రష్యన్లు చేరారు. 7,000 మంది దాకా పోగొట్టుకున్నారు. అయినా ప్లాన్స్‌న్వాలో షింకెల్ గీసిన ఇనుప స్మారకం దగ్గరికి ఒక్క పర్యాటక బస్సు వెళ్ళదు.

లండన్_లక్ష్మి
ఏడున్నరకు గార్డు దళం మిట్ట ఎక్కి వచ్చినప్పుడు ఎదురు నిలబడి కాల్చింది ప్రష్యన్లు కాదు.

రైన్_ఒడ్డు
ఆ గార్డులో సగం అప్పటికే ప్లాన్స్‌న్వాకు పోకుండా ఉంటే నిలబడేవారా అని అడుగుతున్నాను.

లండన్_లక్ష్మి
మధ్యాహ్నం నుంచి ఊగుమోన్ తోటనూ, లా హే సాంత్ పొలాన్నీ పట్టుకుని కూర్చోకపోతే మీవాళ్ళు వచ్చేసరికి కలుసుకోవడానికి ఎవరు మిగిలేవారు?

రైన్_ఒడ్డు
లా హే సాంత్‌ను కాపాడింది మేజర్ బారింగ్ కింద ఉన్న జర్మన్ దళం అక్కా. తూటాలు పంపమని అడిగి అడిగి, అవి రాక, సాయంత్రం ఆరు దాటాక వదిలేశారు. పంపాల్సినవాళ్ళు ఎవరు?

మిరపకాయ
210 ఏళ్ళుగా నడుస్తున్న దావా, ఈ పేజీలో తీర్పు రాదు. ఇద్దరూ మంచినీళ్ళు తాగండి.

నిజాం_నీడ
దుమ్ము పట్టిన ఆ వెల్లింగ్టన్ మన దగ్గర తిరిగిన మనిషేనని ఎవరూ అనలేదు. 1799లో శ్రీరంగపట్నం మీదికి వెళ్ళినప్పుడు కర్నల్ ఆర్థర్ వెల్లెస్లీని, అతని 33వ రెజిమెంటునూ నిజాం సైన్యంతో కలిపారు. నిజాం వైపు పెద్ద మీర్ ఆలం. హైదరాబాదులో జూ పక్కన చెరువుందే, ఆయన పేరుదే. అదే 33వ రెజిమెంటు పదహారేళ్ళ తర్వాత వాటర్లూలో ఉంది. అంతకు ముందు ఏడాది, 1798లో, హైదరాబాదులోని ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేశారు. దాన్ని పెంచిన రేమాన్ సమాధి ఇప్పటికీ మలక్‌పేట దగ్గర గుట్ట మీద ఉంది. 1799 జనవరిలో నెపోలియన్ ఈజిప్టు నుంచి టిప్పుకు రాసిన ఉత్తరం దారిలోనే దొరికిపోయింది. ఈ ఇద్దరి తగాదా మన వాకిట్లోంచి కూడా నడిచింది.

1803 సెప్టెంబరు 23న అస్సాయేలో, నేటి జాల్నా జిల్లాలో, సింధియా, భోంస్లేల మరాఠా సైన్యం మీద గెలిచాడు. ఆయన చేతికింద ఎక్కువమంది మద్రాసు సైన్యపు సిపాయీలు, ఆ సైన్యంలో మన తెలుగువాళ్ళకు కొదవ లేదు. ముసలితనంలో ‘మీరు చేసిన యుద్ధాల్లో మేలైనది ఏది’ అని అడిగితే ఆయన చెప్పింది వాటర్లూ కాదు, అస్సాయే.

గుంటూరు_గ్రంథం
ఇది బాగా గుర్తుచేశారు. అస్సాయేలో ఇంకో ముచ్చట ఉంది. కర్నల్ స్టీవెన్సన్ హైదరాబాదు సహాయక దళంతో ఇంకో దారిన వస్తున్నాడు. ఇద్దరూ కలిసి దాడి చేయాలన్నది ఏర్పాటు. శత్రువు ఎదురుపడేసరికి వెల్లెస్లీ ఆయన కోసం ఆగకుండా కైట్నా నది దాటి పైన పడ్డాడు. గెలిచాడు కానీ 1,500 మందికి పైగా చావో గాయమో. వాటర్లూలో అదే మనిషి బ్లూషర్ వస్తానని మాట ఇచ్చాకే ఆ మిట్ట మీద నిలబడ్డాడు. 34 ఏళ్ళ వయసులో ఆగనివాడు 46 ఏళ్ళ వయసులో ఆగడం నేర్చుకున్నాడు. నెపోలియన్‌కూ అదే ఈడు. ఆయన మాత్రం అటువంటిదేమీ నేర్చుకున్నట్టు కనిపించదు. ఆ రోజు పొద్దున కూడా వెల్లింగ్టన్‌ను తీసిపారేసి మాట్లాడాడు.

రైన్_ఒడ్డు
నేను అరగంట నుంచి చెబుతున్నది ఇదే, వెల్లింగ్టన్ నిలబడింది బ్లూషర్ మాట మీద. ధన్యవాదాలు.

కృష్ణాతీరం
పైనుంచి చూస్తే అంతా చదునుగా ఉంది. ‘మిట్ట వెనక సైన్యాన్ని దాచాడు’ అని చదివాను. ఎక్కడ దాచాడు? పిల్లి కూడా దాగలేదు అక్కడ.

బ్రెన్‌లలూ_వాసి
మీరు ఎక్కింది ఆ మిట్టనే. దిబ్బకు మట్టి కావాలని చుట్టుపక్కల మిట్టను తవ్వేశారు. యుద్ధభూమిలో ముఖ్యమైన భాగం తవ్వి, యుద్ధ స్మారకం కట్టారు! సైనికులను పడుకోబెట్టిన వెనక వాలు, లోతుగా ఉన్న దారి, చాలావరకు దిబ్బలోకి వెళ్ళిపోయాయి.

ఆనాటి సంగతి తాకి చూడాలంటే ఊగుమోన్ వెళ్ళండి, దిబ్బ నుంచి నడిచే దూరమే. 2015లో బాగుచేశారు. తోట ఇటుక గోడకు లోపలి నుంచి తుపాకీ గొట్టం పట్టేంత రంధ్రాలు పొడిచారు, అవి అలాగే ఉన్నాయి. వేలు పెడితే అంచులు గరుకుగా తగులుతాయి. ప్రార్థనా మందిరం తలుపు మీద సిలువ ఉంది, దాని పాదాలు మాత్రం కాలిపోయాయి, మంటలు అక్కడి దాకా వచ్చి ఆగాయి. ఉత్తర ద్వారం గుండా ఫ్రెంచివాళ్ళు చొరబడితే బ్రిటిష్ అధికారి మెక్‌డానెల్, మరికొందరు భుజాలు ఆనించి తలుపు మూసింది ఇక్కడే. గుండ్ల దెబ్బలు తిన్న చెస్ట్‌నట్ చెట్టు బయట ఉంది. ఇక్కడ దుకాణం గోల లేదు.

తర్కవాది
ఫ్రాన్స్‌వాళ్ళకు ఇది ఎలా ఉంటుంది? వాళ్ళు కూడా వచ్చి టోపీలు కొంటారా?

బ్రెన్‌లలూ_వాసి
తెగ కొంటారు. ప్రభుత్వానికి మాత్రం మంట. 2015లో ద్విశతాబ్ది అని బెల్జియం రెండు యూరోల నాణెం వేయబోతే ఫ్రాన్స్ అభ్యంతరం చెప్పింది. అప్పటికే అచ్చువేసిన లక్షా ఎనభై వేల దాకా నాణేలు వృథా అయ్యాయి. మామూలుగా లేని విలువతో నాణెం వేస్తే పొరుగువాళ్ళ అనుమతి అక్కర్లేదని బెల్జియంవాళ్ళు నిబంధనల్లో సందు వెతికి, రెండున్నర యూరోల నాణెం వేశారు. చెల్లుబాటు బెల్జియంలోనే. అమ్మింది ఆరు యూరోలకు.

మిరపకాయ
రెండున్నర నాణెం ఆరుకు! యుద్ధంలో నిజంగా గెలిచినవాడు దొరికాడు.

మందుల_చీటీ
నెపోలియనా, వెల్లింగ్టనా అని కొట్టుకుంటున్నారు కానీ, ఆ పొలంలో పడినవాళ్ళు ఏమయ్యారు? ఒక్క రోజులో చనిపోయినవారు, గాయపడినవారు కలిపి నలభై వేలు దాటారు. పెద్ద శ్మశానం ఎక్కడైనా చూశారా కృష్ణాతీరం గారూ?

కృష్ణాతీరం
లేదు. ఇప్పుడు మీరు అడిగితే అనిపిస్తోంది. ఎందుకు లేదు?

మందుల_చీటీ
గోతుల్లో పూడ్చారు. అంతకు ముందే పళ్ళు పీకేశారు. కట్టుడు పళ్ళకు మంచి ధర పలికేది. వాటిని ‘వాటర్లూ పళ్ళు’ అనే పిలిచేవారు. ఎముకల సంగతి ఇటీవలి దాకా తేలలేదు. బెర్నార్ విల్కిన్, రాబిన్ షేఫర్, టోనీ పొలార్డ్ అనే ముగ్గురు పాత దస్తావేజులు, పత్రికలు గాలించి చెప్పిందేమిటంటే, 1830ల నుంచి ఈ చుట్టుపక్కల గోతులు తవ్వి ఎముకలు అమ్ముకున్నారు. ఎముకను కాల్చి బొగ్గు చేస్తే చక్కెర పాకానికి రంగు పోగొట్టే వడపోతగా పనికొస్తుంది. ఆ రోజుల్లో ఇక్కడ బీట్ దుంప నుంచి చక్కెర తీసే మిల్లులు పుట్టుకొస్తున్నాయి, ఎముక ధర పెరిగింది. మనిషివీ గుర్రానివీ అని వేరుచేసి ఉంటారని నేననుకోను.

గుంటూరు_గ్రంథం
ఇంకా ఘోరం, యూరప్‌లో బీట్ చక్కెరను నిలబెట్టింది నెపోలియనే. సముద్రం మీద బ్రిటన్ పట్టు వల్ల కరీబియన్ చెరకు చక్కెర అందక, 1811లో బీట్ సాగుకు వేల హెక్టార్లు కేటాయించమని ఉత్తర్వులిచ్చాడు. ఆయన పెంచిన పరిశ్రమే ఆయన సైనికుల ఎముకలు కొన్నది.

రైన్_ఒడ్డు
ఈ ముక్క ఆ దుకాణంలో ఏ కప్పు మీదా ఉండదు.

తర్కవాది
రైతులను తప్పుపట్టకండి. వాళ్ళ పంటను మూడు సైన్యాలు తొక్కేశాయి, నష్టపరిహారం ఎవరిచ్చారు?

మందుల_చీటీ
తప్పుపట్టడం లేదు. దొరికిన ఒకటి రెండు అస్థిపంజరాలనైనా మర్యాదగా చూడాలి అంటున్నాను. 2012లో దిబ్బ దగ్గర కారు పార్కింగు కోసం తవ్వుతుంటే ఒకడు దొరికాడు. ఇరవైల్లోని కుర్రవాడు, వెన్ను వంకర, పక్కటెముకల మధ్య సీసపు గుండు అలాగే ఉంది. ఆ వెన్నుతో మూట మోసుకుని ఎన్ని మైళ్ళు నడిచాడో తలచుకుంటే నాకే నడుము నొప్పి పుడుతుంది. తీసుకెళ్ళి మ్యూజియంలో అద్దాల కింద పెట్టారు. కొందరు పరిశోధకులు పూడ్చిపెట్టమని కోరారు. నా మాటా అదే.

బ్రెన్‌లలూ_వాసి
నేను ఒప్పుకోను. రాజులకు దిబ్బలు, విగ్రహాలు, నాణేలు అన్నీ ఉన్నాయి. మామూలు సైనికుడు ఆ మొత్తం ప్రాంగణంలో అతనొక్కడే కనిపిస్తాడు. మా పిల్లలు ఆ అద్దం దగ్గర నోరు మూసుకుని నిలబడ్డారు, మిగతాచోట్ల పరుగులే. పూడ్చేస్తే ఆ ఒక్కడూ ఉండడు.

మందుల_చీటీ
మీ ఇంటి మనిషైతే అలా పెడతారా?

బ్రెన్‌లలూ_వాసి
పెట్టను. అయినా నా మాట మార్చుకోను.

నిజాం_నీడ
మోన్-సాన్-జాన్ పొలం దగ్గర 2022లో కూడా ఏవో దొరికాయి కదా?

బ్రెన్‌లలూ_వాసి
అది వెల్లింగ్టన్ సైన్యపు వైద్యశిబిరం నడిచిన పొలం. ఒక పూర్తి అస్థిపంజరం, పక్కనే నరికేసిన చేతులు కాళ్ళు, గుర్రాల కళేబరాలు ఒకే గోతిలో దొరికాయి. కాలు అంటే గుర్తొచ్చింది. ఆశ్వికదళ నాయకుడు అక్స్‌బ్రిడ్జ్ కాలు వాటర్లూ ఊళ్ళో ఒక ఇంట్లో కోశారు. ఆ ఇంటాయన దాన్ని తోటలో పూడ్చి, పైన రాయి పెట్టి, వచ్చేపోయేవాళ్ళకు చూపించేవాడు.

మిరపకాయ
కాలుకు సమాధి, దాని మనిషి ఊరు మీద! వాటర్లూలో దుకాణం సంప్రదాయం చాలా పాతదన్నమాట.

గోరుముద్ద
ఇంతసేపూ ఓపికగా చదివాను, ఇప్పుడు నా అవసరం. మా అత్తగారు, మామగారు వచ్చే నెల వస్తున్నారు. ఆయనకు చరిత్ర పిచ్చి, ఆవిడకు మోకాళ్ళ నొప్పి. తీసుకెళ్ళవచ్చా? దిబ్బకు లిఫ్టు ఉందా?

బ్రెన్‌లలూ_వాసి
లిఫ్టు లేదు, ఆవిడను ఎక్కించకండి. దిబ్బ పక్కనే గుండ్రటి భవనంలో పనోరమా ఉంది. 1912లో వేసిన 110 మీటర్ల చిత్రం, నే ఆశ్వికదళం దూసుకొచ్చే ఘట్టం, చుట్టూ చూసుకుంటూ నిలబడవచ్చు. భూగర్భ మ్యూజియం కూడా బాగుంటుంది. బ్రస్సెల్స్ నుంచి రైల్లో వస్తే వాటర్లూలో దిగకండి, బ్రెన్‌లలూలో దిగితే దగ్గర. జూన్‌లో అయితే యుద్ధం నటించేవాళ్ళు గుడారాలు వేస్తారు, మామగారికి పండగే.

గోరుముద్ద
ఆ నటనలో ఎవరు గెలుస్తారు?

బ్రెన్‌లలూ_వాసి
వెల్లింగ్టనే. చప్పట్లు మాత్రం రెండోవాడికి.

రైన్_ఒడ్డు
బ్లూషర్ ఎన్నింటికి వస్తాడో కనుక్కుని చెప్పండి, నేనూ టికెట్ తీస్తాను.